ఏకకణం నుంచి బహుకణ జీవికి: ఒక ప్రశ్న చరిత్ర

గత పాఠాల్లో మీరు కణ నిర్మాణాన్ని, కణ విభజనను, ప్రకృతి వరణాన్ని విడివిడిగా చదివారు. ఈ పాఠంలో ఆ మూడూ ఒకచోట కలుస్తాయి. అయితే ఇది ముఖ్యంగా ఒక ప్రశ్నకు సంబంధించిన చరిత్ర. ఆ ప్రశ్న ఏమిటో ముందే స్పష్టం చేసుకుందాం.

మీ శరీరంలో 30 లక్షల కోట్లకు పైగా కణాలు ఉన్నాయి. అవన్నీ ఒకే సంయుక్త బీజం నుంచి వచ్చినవే. కానీ వాటిలో తరువాతి తరానికి చేరే అవకాశం ఉన్నది బీజకణాలకు మాత్రమే. కాలేయ కణం ఎంత చక్కగా పనిచేసినా, కంటిలోని కణం ఎంత నిశితంగా వెలుగును పట్టినా, వాటి వంశం మీతోనే ముగుస్తుంది. మరి డార్విన్ సిద్ధాంతం ఏమంటుంది? ఎక్కువ సంతతిని మిగిల్చినదే నిలుస్తుంది అంటుంది. అలాంటప్పుడు స్వేచ్ఛగా ఈదుతూ, తింటూ, విభజన చెందుతూ బతికిన ఏకకణ జీవుల వారసులు తమ సంతానోత్పత్తిని వదులుకుని మరో కణం కోసం పనిచేసే స్థితికి ఎలా వచ్చాయి?

పత్తికాయలా పగిలి చేతికి దొరికిన ప్రశ్న కాదిది. శాస్త్రజ్ఞులు సుమారు వంద సంవత్సరాల పాటు దీనికి పక్కనున్న మరో ప్రశ్న అడిగారు: కణాలు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయి? కలిసినవి విడిపోకుండా, ఒకదాన్ని మరొకటి మోసం చేయకుండా ఎలా ఉండగలిగాయన్నది అసలు చిక్కుముడి అని తెలియడానికి 20వ శతాబ్దపు రెండవ సగం రావలసి వచ్చింది.

నీటి గుంటలో దొర్లే బంతి

డచ్ బట్టల వ్యాపారి ఆంటొనీ వాన్ ల్యూవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో చూసిన వాటిలో ఒక ఆకుపచ్చని గోళం ఉంది. నీటిలో అది దొర్లుతూ కదిలేది. దాని లోపల చిన్న గోళాలు ఉండేవి. కొంతకాలానికి పెద్ద గోళం పగిలి చిన్నవి బయటికి వచ్చేవి. 1700లో రాసిన లేఖలో ఆయన దీన్ని వర్ణించారు. 1758లో లినేయస్ దానికి వాల్వాక్స్ అనే పేరు పెట్టారు. ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివిన వారికి ఈ పేరు పరిచితమే.

ఈ జీవికి మన దేశంతో ఒక సంబంధం ఉంది. నేడు ప్రయోగశాలల్లో అన్నిటికంటే ఎక్కువగా అధ్యయనం చేస్తున్న వాల్వాక్స్ జాతి పేరు వాల్వాక్స్ కార్టెరై. బొంబాయిలో సైనిక వైద్యుడిగా పనిచేసిన హెన్రీ జాన్ కార్టర్ పేరు మీద ఆ పేరు వచ్చింది. ఆయన బొంబాయి ద్వీపంలోని మంచినీటి జీవులను పరిశీలించి, 1859లో వాల్వాక్స్ ఫలదీకరణ మీద వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.ఓ.పి. అయ్యంగార్ దక్షిణ భారతదేశపు సహనివేశ వాల్వోకేలిస్ శైవలాల మీద 1933లో విపులమైన పరిశోధన ప్రచురించారు. వృక్షశాస్త్రం చదివి పై చదువులకు వెళ్ళాలనుకునేవారు ఆయన పేరు గుర్తుంచుకోవడం మంచిది.

ఈ కుటుంబంలోని జీవులను పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. క్లామిడోమోనాస్ ఒంటరి కణం, దానికి రెండు కశాభాలు. గోనియంలో సాధారణంగా 8 నుంచి 16 కణాలు పలకలాగా అమరి ఉంటాయి. పాండోరినాలో 16 కణాలు గుత్తిగా, యూడోరినాలో 32 కణాలు జిగురు గోళంలో ఉంటాయి. వీటన్నిటిలోనూ ప్రతి కణమూ ఈదుతుంది, ప్రతి కణమూ సంతతిని ఇస్తుంది. ప్లియోడోరినాకు వచ్చేసరికి ముందు భాగంలోని కొన్ని కణాలు ఈదడానికే పరిమితమై, విభజన మానేస్తాయి. వాల్వాక్స్ కార్టెరైలో ఈ పని విభజన పూర్తయింది. సుమారు 2,000 చిన్న కణాలు కశాభాలు ఆడిస్తూ గోళాన్ని నడుపుతాయి, 16 వరకు పెద్ద కణాలు మాత్రమే సంతతిని ఇస్తాయి. పిల్ల గోళాలు బయటపడ్డాక ఆ 2,000 కణాలు చనిపోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాఠ్యపుస్తకాలు ఈ జీవులను ఒక వరుసలో గీసి మధ్యలో బాణాలు వేస్తాయి. ఆ బాణాలను నమ్మకండి. ఇవన్నీ నేడు బతికి ఉన్న జీవులు. ఒకటి మరొకదానికి తాత కాదు. ఈ కుటుంబంలో ఒంటరి కణాల నుంచి సహనివేశాలు ఏర్పడడం 20 కోట్ల సంవత్సరాలకు పైగా క్రితం మొదలైందని జన్యు పోలికల ఆధారంగా అంచనా. కొన్ని శాఖలు మధ్యలో ఆగిపోయాయి, కొన్ని శాఖల్లో ఒకే మార్పు వేరువేరుగా వచ్చింది. వరుస మనకు సాధ్యమైన మెట్లను చూపిస్తుంది, వంశావళిని కాదు.

కణాల రాజ్యం: గణతంత్రమా, రాచరికమా?

1838లో ష్లీడెన్ మొక్కల విషయంలోను, 1839లో ష్వాన్ జంతువుల విషయంలోను కణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మొక్కలోని కణానికి రెండు జీవితాలు ఉంటాయని ష్లీడెన్ భావించారు: తనదైన స్వతంత్ర జీవితం ఒకటి, మొక్కలో భాగంగా సాగే జీవితం మరొకటి. ఈ మాటతో మన ప్రశ్న పుట్టిందని చెప్పవచ్చు. అంతకు ముందు దేహం ఒకటే, దానికి భాగాలు ఉండేవి. ఇప్పుడు ఆ భాగాలే జీవులయ్యాయి.

బెర్లిన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్ళారు. 1848 తిరుగుబాటులో పాల్గొన్న వ్యక్తి ఆయన. ఆ సంవత్సరమే ఎగువ సైలీషియాలో టైఫస్ వ్యాధిని పరిశీలించి, రోగానికి పేదరికమూ పాలనా లోపమూ కారణమని నివేదిక రాశారు. 1858లో వెలువడిన తన కణ రోగనిర్ధారణ గ్రంథంలో ఆయన దేహాన్ని కణ పౌరుల సమాజంగా చూశారు. అన్ని కణాలూ ప్రాణమున్నవే, ఒక్కటే అధికార కేంద్రం అంటూ లేదు. జబ్బు అంటే ఆ పౌరుల్లో కొందరికి కలిగిన చేటు. ఆయన రాజకీయాలు, ఆయన జీవశాస్త్రం ఒకే గుడ్డ నుంచి కత్తిరించినవి.

ఆయన దగ్గర చదువుకున్న ఎర్నెస్ట్ హెకెల్ ఇదే ఉపమానాన్ని మరోవైపు తిప్పారు. మొక్కలు కణాల గణతంత్రాలు, జంతువులు మాత్రం నాడీ మండలం అనే కేంద్ర ప్రభుత్వం ఉన్న రాచరికాలు అన్నారు. అప్పటికి జర్మనీ బిస్మార్క్ నాయకత్వంలో ఏకమై సామ్రాజ్యంగా మారింది. గురుశిష్యులు 1877లో మ్యూనిక్ సభలో బహిరంగంగా విభేదించారు. పరిణామ సిద్ధాంతాన్ని బడుల్లో బోధించాలా వద్దా అన్నది అక్కడి వివాదం.

చరిత్ర విద్యార్థులు ఈ సంగతిని తేలికగా వదిలేయకూడదని నా అభిప్రాయం. శాస్త్రంలో ఉపమానం అలంకారం కాదు. ఏ ప్రశ్న అడగాలో, ఏది అడగనక్కర్లేదో అదే నిర్ణయిస్తుంది. దేహాన్ని చక్కగా నడిచే రాజ్యంగా ఊహించిన వారికి పౌరులు ఎందుకు పన్ను కడుతున్నారన్న సందేహం రాలేదు. పని విభజన ఉంటే అందరికీ లాభం, అంతే అనుకున్నారు.

హెకెల్ చేసిన మరో పని బహుకణ జీవుల మూలాన్ని ఊహించడం. పిండం మొదట కణాల బోలు బంతిగా, తర్వాత రెండు పొరల సంచిగా మారుతుంది కాబట్టి, జంతువుల పూర్వీకులు కూడా అలాగే ఉండి ఉంటాయని 1870లలో గ్యాస్ట్రియా సిద్ధాంతం ప్రతిపాదించారు. 1869లో నార్వే తీరంలో మాగోస్ఫీరా అనే బంతిలాంటి జీవిని చూశానని కూడా ప్రకటించారు. ఆ తర్వాత అది ఎవరికీ నమ్మదగిన రీతిలో దొరకలేదు.

నిజమైన ఆధారం మరోచోట, పెద్దగా ఎవరూ పట్టించుకోకుండా దొరికింది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు హెన్రీ జేమ్స్-క్లార్క్ 1860లలో కాలర్ కశాభ జీవులు అనే చిన్న ఏకకణ జీవులను పరిశీలించారు. కశాభం చుట్టూ చొక్కా కాలర్ లాంటి సన్నని వేళ్ళ వలయం, దానితో బాక్టీరియాను పట్టి తినడం వాటి లక్షణం. స్పంజికల లోపలి గోడల్లో ఉండే కణాలు కూడా అచ్చం ఇలాగే ఉన్నాయని ఆయన గుర్తించారు. హెకెల్ ఈ పోలికను అంగీకరించలేదు. ఆ పోలిక ఎంత లోతైనదో తేలడానికి 130 సంవత్సరాలకు పైగా పట్టింది. దాని గురించి తర్వాత చెబుతాను.

మరణం ఎప్పుడు మొదలైంది?

ఆగస్ట్ వీస్మన్ 1880లలో అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ ఈ పాఠంలో అన్నిటికంటే సాహసోపేతంగా కనిపిస్తుంది. అమీబా రెండుగా చీలితే తల్లి ఎక్కడికి పోయింది? శవం ఏదీ? ప్రమాదం జరిగితే తప్ప ఏకకణ జీవికి చావు లేదు. పాండోరినాలోని ప్రతి కణమూ సంతతిగా కొనసాగుతుంది. వాల్వాక్స్‌లో మాత్రం పిల్లలు వెళ్ళిపోయాక తల్లి గోళం మిగిలి నశిస్తుంది. అంటే దేహ కణాలు, బీజ కణాలు వేరైన చోటే సహజ మరణం ప్రవేశించింది. 1892లో ఆయన ప్రచురించిన బీజద్రవ్య సిద్ధాంతం ఈ విభజన మీదే నిలబడింది.

అయితే దేహ కణాలు చావును ఎందుకు ఒప్పుకున్నాయి? అరిగిపోయినవి తొలగిపోవడం జాతికి మేలు అని వీస్మన్ మొదట్లో సమాధానం చెప్పారు. జాతి మేలు కోసం, సమూహం మేలు కోసం అన్న ఈ తర్కం జీవశాస్త్రాన్ని 1960ల దాకా ఏలింది. వినడానికి బాగుంటుంది. కానీ లెక్క కుదరదు. సమూహం కోసం త్యాగం చేసే వంద కణాల మధ్య త్యాగం చేయని ఒక్క కణం ఉత్పరివర్తన వల్ల పుట్టిందనుకోండి. త్యాగఫలం దానికీ అందుతుంది, ఖర్చు మాత్రం ఉండదు. కొన్ని తరాల్లో అదే నిండిపోతుంది.

విడదీసినా కలిసేవి, విడిగా ఉండి కలిసేవి

20వ శతాబ్దపు తొలి సగంలో ప్రయోగాలు వచ్చాయి. 1907లో ఉత్తర కరోలినాకు చెందిన హెచ్.వి. విల్సన్ ఒక స్పంజికను సన్నని పట్టు జల్లెడ బట్టలో పెట్టి పిండారు. కణాలు విడివిడిగా నీటిలో పడ్డాయి. కొంతసేపటికి అవి పాకుతూ ఒకదాన్ని ఒకటి అంటుకుని ముద్దలయ్యాయి, ఆ ముద్దలు మళ్ళీ స్పంజికలుగా పెరిగాయి. రెండు జాతుల కణాలను కలిపినప్పుడు తమ జాతి కణాలను గుర్తించి వేరుపడడాన్ని తరువాతి పరిశోధకులు వివరంగా పరిశీలించారు. కణం ఉపరితలంలో గుర్తింపు చిహ్నాలు ఉన్నాయన్నమాట.

ఇంతకంటే వింతైన జీవి అడవి నేలలో దొరికింది. జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్రెఫెల్డ్ 1869లో డిక్టియోస్టీలియం అనే జిగురు బూజును వర్ణించారు. 1933లో కెన్నెత్ రేపర్ ఉత్తర కరోలినా అడవిలోని రాలిన ఆకుల నుంచి మరో జాతిని సేకరించి, 1935లో దానికి డిక్టియోస్టీలియం డిస్కాయిడియం అని పేరు పెట్టారు. దీని జీవితం గురించి కాస్త నెమ్మదిగా చదవండి, ఎందుకంటే మన ప్రశ్న మొత్తం ఇందులో ఉంది.

ఆహారం ఉన్నంతకాలం ఇవి ఒంటరి అమీబాలు. మట్టిలో పాకుతూ బాక్టీరియాను తింటాయి, రెండుగా చీలుతాయి. పక్కవాడితో పని లేదు. బాక్టీరియా అయిపోగానే కథ మారుతుంది. ఆకలిగొన్న అమీబాలు కొన్ని ఒక రసాయనాన్ని వదులుతాయి. దాని జాడ పట్టుకుని మిగిలినవి వాగుల్లాగా ఒక కేంద్రం వైపు ప్రవహిస్తాయి. లక్ష వరకు కణాలు ఒకచోట చేరి, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున్న ముద్దగా మారతాయి. ఆ ముద్ద చిన్న నత్తలాగా వెలుగు వైపు పాకుతుంది. తగిన చోటు దొరికాక నిలబడుతుంది. ముందు భాగంలో ఉన్న సుమారు ఐదో వంతు కణాలు సెల్యులోజ్ గోడలు కట్టుకుని, కాడగా మారి చనిపోతాయి. మిగిలిన నాలుగు వంతులు ఆ కాడ మీదికి ఎక్కి సిద్ధబీజాలవుతాయి. అక్కడి నుంచి అవి పురుగుల కాళ్ళకు అంటుకుని కొత్త చోట్లకు చేరగలవు.

ముందు భాగం కాడ, వెనుక భాగం సిద్ధబీజాలు అన్న సంగతిని రేపర్ 1940లో ప్రయోగాలతో చూపించారు. జాన్ టైలర్ బానర్ విద్యార్థిగా ఉండగానే ఈ జీవిపై పని మొదలుపెట్టి, దాన్ని చలనచిత్రంగా తీసి ఎందరికో చూపించారు. కణాలను ఆకర్షించేది నీటిలో వ్యాపించే రసాయనమేనని 1947లో నిరూపించారు. ఆ రసాయనం సైక్లిక్ ఏఎంపీ అని 1967లో తేలింది. మన శరీరంలో హార్మోన్ల సందేశాలను కణం లోపలికి అందించే పదార్థం కూడా ఇదే.

ఇక్కడ చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఐదో వంతు కణాలు కూడా నిన్నటి దాకా ఒంటరిగా బతికినవే. కాడగా మారి చావడం వాటికి ఏం లాభం?

మోసకారి కణాలు

1964లో విలియం హామిల్టన్ ఇలాంటి త్యాగాలన్నిటికీ పనికివచ్చే లెక్క ఇచ్చారు. సహాయం చేసినవాడికి కలిగే నష్టం ఒకవైపు పెట్టండి. సహాయం పొందినవాడికి కలిగే లాభాన్ని, ఇద్దరి జన్యు బంధుత్వంతో హెచ్చించి మరోవైపు పెట్టండి. రెండోది పెద్దదైతే సహాయగుణం ప్రకృతి వరణంలో నిలుస్తుంది. సిద్ధబీజాలు కాడ కణానికి కవలల వంటివైతే, కాడ చచ్చినా దాని జన్యువులు పైన బతికే ఉంటాయి.

కానీ జిగురు బూజులో ఒక ఇబ్బంది ఉంది. అక్కడ కణాలు నలుమూలల నుంచి వచ్చి చేరతాయి. వచ్చినవన్నీ బంధువులే అన్న హామీ లేదు. 2000 సంవత్సరంలో జోన్ స్ట్రాస్‌మన్, డేవిడ్ క్వెలర్ బృందం వేరువేరు వంశాల అమీబాలను కలిపి చూస్తే అవి కలిసి ఒకే ముద్ద కట్టాయి. కొన్ని వంశాలు తమ వాటా కంటే ఎక్కువ సిద్ధబీజాలను సంపాదించి, కాడ పనిని ఎక్కువగా ఎదుటివారి మీదికి నెట్టాయి. అదే ఏడాది మరో బృందం ఒక ఉత్పరివర్తన వంశాన్ని వర్ణించింది. దానిలో ఒకే ఒక్క జన్యువు పనిచేయదు. ఇతరులతో కలిపితే అది సిద్ధబీజాల్లో దొడ్డిదారిన చేరుతుంది. ఒంటరిగా పెంచితే సరైన సిద్ధబీజాలను తయారుచేయలేదు. పెళ్ళి భోజనాల్లో పంక్తిలో కూర్చునేవారే తప్ప వడ్డించేవారు లేకపోతే ఏమవుతుందో అదే.

ఈ చర్చలో మన దేశపు పరిశోధన ముఖ్యమైనది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విద్యానంద్ నంజుండయ్య దశాబ్దాల పాటు ఈ జీవులపై పనిచేశారు. ఆయన బృందం ముదుమలై అడవి మట్టిలోను, జంతువుల పేడలోను దొరికిన జిగురు బూజులను పరిశీలించి, ప్రకృతిలో కూడా ఒకే కాడ మీద వేరువేరు వంశాలు కలిసి ఉండడం సాధారణమేనని 2010లో ప్రచురించింది. అమెరికాలో మరో బృందం సేకరించిన నమూనాల్లో బంధుత్వం ఎక్కువగా కనబడింది. కాబట్టి బంధుత్వం ఒక్కటే సరిపోదని, కణాల మధ్య ముందే ఉన్న తేడాలు, అంటే ఎవరు బాగా తిన్నారు, ఎవరు బలహీనంగా ఉన్నారు అన్నవి కూడా లెక్కలోకి తీసుకోవాలని నంజుండయ్య వాదించారు. బలహీన కణానికి సిద్ధబీజంగా బతికే అవకాశం ఎలాగూ తక్కువైతే, కాడగా మారడంలో అది కోల్పోయేది కూడా తక్కువే. పరీక్షలో ఈ అంశం రాసేటప్పుడు హామిల్టన్ లెక్క రాసి ఆపేయకండి.

ఒక్క కణం గుండా

ఇప్పుడు రెండు దారులను పోల్చండి. జిగురు బూజు దారిలో ఎక్కడెక్కడివో కణాలు వచ్చి కలుస్తాయి. వాల్వాక్స్ దారిలో ఒక కణం విభజన చెంది, పిల్ల కణాలు విడిపోకుండా ఉండిపోతాయి. మొదటిది సంతలో జనం పోగవడం లాంటిది, రెండోది ఉమ్మడి కుటుంబం వేరుపడకపోవడం లాంటిది. బహుకణ జీవనం పరిణామ చరిత్రలో కనీసం 25 సార్లు వేరువేరుగా పుట్టిందని అంచనా. కానీ పెద్ద, సంక్లిష్టమైన దేహాలు కట్టిన శాఖలను చూడండి: జంతువులు, నేల మీది మొక్కలు, గోధుమ శైవలాలు, ఎరుపు శైవలాలు. ఇవన్నీ రెండో దారిలో వచ్చినవే. శిలీంధ్రాలు కూడా ఒక సిద్ధబీజం నుంచి తీగలుగా పెరిగేవే.

కారణం ఏమిటి? ఏనుగు అయినా, మర్రిచెట్టు అయినా ప్రతి తరమూ ఒక్క కణం గుండా దూరి రావాలి. అలా వచ్చినప్పుడు దేహంలోని కణాలన్నీ ఒకే జన్యు ప్రతులతో మొదలవుతాయి. మధ్యలో ఒక కణంలో మోసకారి ఉత్పరివర్తన వచ్చి, అది బీజకణంలోకి చేరినా, తరువాతి తరంలో దాని నుంచి పుట్టిన దేహం నిండా మోసకారులే ఉంటాయి. దోచుకోవడానికి అమాయకులు ఎవరూ ఉండరు. ఆ దేహం కుప్పకూలుతుంది, ఆ ఉత్పరివర్తన దానితోపాటే పోతుంది. మోసం తనను తానే వడకట్టుకునే ఏర్పాటు ఇది. జంతువుల్లో దీనికి తోడు మరో ఏర్పాటు ఉంది. చాలా జంతువుల్లో బీజకణాలను పిండ దశలోనే పక్కకు తీసి ఉంచడం వల్ల మిగిలిన కణాలకు తరువాతి తరంలోకి చొరబడే దారి మూసుకుపోతుంది. లియో బస్ 1987లో ప్రచురించిన గ్రంథం ఈ కోణాన్ని ప్రముఖంగా ముందుకు తెచ్చింది. జాన్ మేనార్డ్ స్మిత్, ఎర్ష్ సాత్‌మారీ 1995లో దీన్ని పరిణామంలోని ఇతర పెద్ద మలుపుల పక్కన పెట్టి చూపించారు. మేనార్డ్ స్మిత్, చివరి రోజులను మన దేశంలో గడిపి భువనేశ్వర్‌లో మరణించిన హాల్డేన్‌కు శిష్యుడు.

పాత జన్యువులకు కొత్త పని

తర్వాతి దశ జన్యువులది. బహుకణ జీవి కావాలంటే బోలెడు కొత్త జన్యువులు కావాలని చాలామంది అనుకున్నారు. 2010లో వాల్వాక్స్ జీనోమ్ వెల్లడైనప్పుడు అందులో సుమారు 14,500 జన్యువులు కనిపించాయి. ఒంటరి క్లామిడోమోనాస్‌లోనూ దాదాపు అన్నే.

డేవిడ్ కర్క్ బృందం అంతకు ముందే వాల్వాక్స్‌లో రెగ్-ఎ అనే జన్యువును గుర్తించింది. చిన్న దేహ కణాలు పెరిగి విభజన చెందకుండా ఆపేది ఇదే. అది చెడిపోతే ఈదవలసిన కణాలు కొంతసేపు ఈది, పనిమానేసి, పెద్దవై, సంతతి ఇవ్వడం మొదలుపెడతాయి. ఇలాంటి జన్యువు ఒకటి క్లామిడోమోనాస్‌లో కూడా ఉందని, వెలుగు కరవైన కష్టకాలంలో అది పనిచేస్తుందని నెడెల్కు, మిచోడ్ 2006లో చూపించారు. ఒంటరి కణం కష్టకాలంలో తన పెరుగుదలను తాత్కాలికంగా ఆపుకోవడానికి వాడే మీట, సహనివేశంలో కొన్ని కణాల పెరుగుదలను శాశ్వతంగా ఆపే మీటగా మారిందన్నమాట. కొత్త ఇల్లు కట్టినా తలుపులూ దూలాలూ పాత ఇంటివే.

జేమ్స్-క్లార్క్ చూసిన కాలర్ కశాభ జీవుల కథ కూడా ఇక్కడికే వస్తుంది. నికోల్ కింగ్, ఆమె సహ పరిశోధకులు 2008లో ఈ జీవుల్లో ఒకదాని జీనోమ్‌ను ప్రచురించారు. జంతు కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే కేడ్‌హెరిన్ ప్రోటీన్ల బంధువులు ఆ ఒంటరి జీవిలోనే ఉన్నాయి. అతుక్కోవడానికి తోటి కణం లేని జీవికి జిగురు ఎందుకు? బాక్టీరియాను పట్టుకోవడానికి వాడి ఉండవచ్చని ఒక ఆలోచన. ఈ వర్గంలోని మరో జాతి, తన పరిసరాల్లోని ఒక బాక్టీరియా ఇచ్చే రసాయన సూచనతో పువ్వులాంటి సహనివేశాలు కడుతుందని 2012లో తెలిసింది.

గాజు గొట్టంలో పునరావృతం

ఇదంతా గతం గురించిన ఊహ కదా అని ఒక విద్యార్థిని సంపర్క తరగతిలో నన్ను అడిగింది. సరైన ప్రశ్నే. శిలాజాలు కొంత చెబుతాయి. మధ్యప్రదేశ్ సరిహద్దులోని చిత్రకూట్ ప్రాంతపు రాళ్ళలో దొరికిన, ఎరుపు శైవలాలను పోలిన 160 కోట్ల సంవత్సరాల నాటి శిలాజాలను 2017లో వర్ణించారు. అవి నిజంగా ఎరుపు శైవలాలే అయితే బహుకణ మొక్కల వయసు మనం అనుకున్న దానికంటే చాలా ఎక్కువ. కానీ శిలాజం ఫలితాన్ని చూపుతుంది, కారణాన్ని చూపదు.

కారణాన్ని చూపినవి ప్రయోగాలు. 1998లో బోరాస్ బృందం క్లోరెల్లా అనే ఒంటరి శైవలాన్ని, దాన్ని మింగే మరో సూక్ష్మజీవితో కలిపి పెంచింది. వంద తరాలు గడిచేలోపే గుంపులు కనబడ్డాయి. చివరికి ఎనిమిది కణాల గుంపులు స్థిరపడ్డాయి. మింగేవాడి నోటికి పట్టనంత పెద్దవి, వెలుగూ పోషకాలూ ప్రతి కణానికీ అందేంత చిన్నవి.

2012లో విలియం రాట్‌క్లిఫ్ బృందం చేసిన ప్రయోగం ఇంకా సరళం. రొట్టె పిండి పొంగడానికి వాడే ఈస్ట్‌ను గొట్టాల్లో పెంచి, కాసేపు కదపకుండా ఉంచి, అడుగుకు త్వరగా చేరిన భాగాన్ని మాత్రమే మరుసటి రోజుకు తీసుకున్నారు. బరువైనదే బతుకుతుంది. 60 రోజుల్లో అన్ని గొట్టాల్లోనూ మంచుతునకల ఆకారపు గుంపులు వచ్చాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూస్తే, అవి వచ్చి అంటుకున్న కణాలు కావు, తల్లి నుంచి విడిపోని పిల్ల కణాలు. గుంపు పెద్దదయ్యాక మధ్యలో కొన్ని కణాలు చనిపోయి, అక్కడ గుంపు విరిగి రెండవుతుంది. ఆక్సిజన్ లేకుండా సుమారు 600 రోజులు కొనసాగించినప్పుడు గుంపులు మొదటి వాటికంటే 20,000 రెట్లు పెద్దవై కంటికి కనబడేంత అయ్యాయని 2023లో ప్రకటించారు.

ఈస్ట్ పూర్వీకులు బహుకణ శిలీంధ్రాలే కాబట్టి ఇది పాత అలవాటు తిరిగి మేల్కొనడమేనని కొందరు ఆక్షేపించారు. ఆక్షేపణలో బలం ఉంది. అందుకే అలాంటి గతం లేని క్లామిడోమోనాస్‌తోనూ ప్రయత్నించారు. దాన్ని వేటాడే పారమీషియంను జత చేసినప్పుడు, అయిదింటిలో రెండు సమూహాల్లో ఏడాది లోపే బహుకణ రూపాలు వచ్చాయని 2019లో ప్రచురించారు.

ఒప్పందం తెగిన చోట

బహుకణ దేహంలో సహకారం ప్రతి రోజూ కాపాడుకోవలసినది. విభజనను అదుపు చేసే జన్యువులు, దెబ్బతిన్న కణాన్ని చంపే ఏర్పాట్లు, కాపలా కాసే రక్షక కణాలు ఇవన్నీ ఆ పనిలోనే ఉంటాయి. పి53 అనే కాపలా ప్రోటీన్‌కు మన జీనోమ్‌లో ఒక జన్యువు ఉంటే, లెక్కకు మనకంటే ఎన్నో రెట్లు కణాలున్న ఏనుగులో దానికి తోడు 19 అదనపు ప్రతులు ఉన్నాయని 2015లో తేలింది. క్యాన్సర్ అంటే దేహం లోపల పుట్టిన మోసకారి వంశం. విర్కో దాన్ని కణాల జబ్బుగా చూశారు. నేడు దాన్ని కణాల పరిణామంగా కూడా చూస్తున్నారు. మందు వాడినప్పుడు కొన్ని క్యాన్సర్లు తగ్గినట్టే తగ్గి మళ్ళీ ముదరడం ఎందుకో అర్థం కావాలంటే ఈ చూపు అవసరం: మందును తట్టుకునే కణాలు ముందే ఉంటే, మందే వాటిని ఎంచి పెంచుతుంది.

సాధారణంగా మోసకారి వంశం తాను దోచుకున్న దేహంతోపాటే చస్తుంది. బీజకణాల దారి దానికి మూసి ఉంది కాబట్టి బయటపడలేదు. కానీ మన వీధి కుక్కల్లో, సంభోగం ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి సోకే ఒక కణితి జబ్బు ఉంది. పశువైద్యులకు ఇది బాగా తెలుసు. 1876లోనే రష్యన్ పశువైద్యుడు నోవిన్‌స్కీ దీన్ని ఒక కుక్క నుంచి మరో కుక్కకు నాటి చూపించారు. సోకుతున్నది వైరస్ కాదు, క్యాన్సర్ కణాలే అని 2006లో జన్యు పరీక్షలు ధ్రువపరిచాయి. కొన్ని వేల సంవత్సరాల క్రితం ఒకానొక కుక్క దేహంలో తిరగబడిన కణం అది. ఆ కుక్క ఎప్పుడో చనిపోయింది. దాని కణ వంశం మాత్రం కుక్క నుంచి కుక్కకు దూకుతూ, ఖండాలు దాటి, పరాన్నజీవిగా మారి నేటికీ ఒంటరి కణాల బతుకే బతుకుతోంది.